తొట్టి అడుగున ఏం మిగిలింది?

అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఊళ్ళను వరుసగా కలుపుకుంటూ తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. దారి వెంట టమోటా తోటలు, మామిడి తోపులు, మల్బరీ చేలు, వాటి నడుమ అక్కడక్కడా పొడవాటి కోళ్ళ షెడ్లు. నేనీ దారి పట్టింది ఆ షెడ్ల కోసమే. గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్ళ రైతులు నలుగురు ఒకచోట చేరితే తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. అదే మొక్కజొన్న, అదే సోయా చెక్క, అదే తవుడు. వాటిని పొడి చేసి పెడితే గుడ్లు ఎక్కువ వస్తాయా, రవ్వ చేసి పెడితేనా, గుళికలు చేసి పెడితేనా?

వినడానికి చిన్న ప్రశ్న. కానీ గుడ్డు మీద పెట్టే ప్రతి వంద రూపాయల్లో 70 దాకా దాణాకే పోతుంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. 2023-24లో దేశమంతా కలిపి 14,277 కోట్ల గుడ్లు వస్తే అందులో 17.85 శాతం ఈ ఒక్క రాష్ట్రానివే. 1982లో డాక్టర్ బి.వి. రావు చొరవతో పుట్టిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, రైతులు నోరారా ‘నెక్’ అని పిలుచుకునే సంస్థ, రోజూ ప్రకటించే ధరల పట్టికలో విజయవాడ, విశాఖ, గోదావరి జిల్లాలతో పాటు చిత్తూరు పేరు కూడా ఉంటుంది. గుడ్డు ధర ఆ పట్టికలో తేలుతుంది, రైతు చేతిలో ఉండదు. రైతు చేతిలో ఉన్నది దాణా ఒక్కటే. అందుకే దాణా రూపం గురించిన ప్రశ్న అతనికి బతుకు ప్రశ్న.

జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరుగా, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చిన ఊరుగా మదనపల్లెను పుస్తకాలు గుర్తుపెట్టుకున్నాయి. తెల్లవారుజామున అక్కడ దిగిన మనిషికి ముందు కనిపించేది మాత్రం టమోటా లారీలు. మార్కెట్ యార్డు చుట్టూ క్రేట్ల గుట్టలు, వేలం కేకలు. ఆ సందడి దాటి ఊరి అంచుకు వెళ్ళాను. అక్కడ ఒక రైతు తన షెడ్ల కోసం సొంతంగా నడుపుకుంటున్న దాణా మిల్లు ఉంది. బయటే మొక్కజొన్న బస్తాలు. లోపల హ్యామర్ మిల్, పక్కన మిక్సర్, గోడకు తగిలించిన రంధ్రాల రేకులు. మిల్లు లోపల అమర్చే ఈ రేకును వీళ్ళు జల్లెడ అంటారు. హ్యామర్ మిల్‌లో సుత్తుల దెబ్బకు పగిలిన గింజ ఆ రంధ్రాల గుండా బయటపడుతుంది. రంధ్రం పెద్దదైతే నూక, చిన్నదైతే పిండి. ఏ దాణా ఎలా ఉండాలో అక్కడే తేలిపోతుంది.

“జల్లెడ అరిగిపోతే చెప్పకనే చెప్తాది సార్,” అన్నాడు మిల్లు దగ్గర పనిచేసే పెద్దాయన, దోసెడు దాణా తీసి నా చేతిలో పోస్తూ. “ఇది చూడండి, రవ్వ మాదిరి ఉండాల. గోధుమపిండి మాదిరి అయిందంటే కోడి ముట్టదు, ముక్కు కాడ అంటుకుంటాది.”

ఆయన మాట వెనక కోడి శరీరం మొత్తం ఉంది. కోడికి పళ్ళు లేవు. మనకు నాలుక మీద వేల కొద్దీ రుచి మొగ్గలుంటే దానికి కొన్ని వందలే. రుచి కన్నా రేణువు పరిమాణాన్నే అది ఎక్కువ పట్టించుకుంటుంది. ముక్కు కొసలో ఉన్న స్పర్శజ్ఞానంతో తన నోటికి తగిన రేణువును ఎంచుకుంటుంది. మింగిన మేత మెడ కింది సంచిలో నాని, జఠరరసం ఊరే చోటు దాటి, కందనకాయలోకి చేరుతుంది. చికెన్ కొట్లో మనం అడిగి వేయించుకునే ఆ గట్టి కండరమే కోడికి తిరగలి. కాస్త ముతక రేణువులు పడితే అది బలంగా ముడుచుకుంటూ విచ్చుకుంటూ మేతను నలుగగొడుతుంది. మేత అక్కడ కొంతసేపు నిలుస్తుంది, ఆమ్లం బాగా కలుస్తుంది, ఆ తర్వాత పేగులో పోషకాలు ఒంటికి పడతాయి. మేతంతా మెత్తటి పిండే అయితే కందనకాయకు పని ఉండదు. పని లేని కండరం చిక్కిపోతుంది.

అందువల్ల లేయర్ దాణాను ఎంత మెత్తగా ఆడిస్తే అంత బాగా అరుగుతుందనుకోవడం పొరపాటు. కోడి జాతులను రూపొందించే సంస్థల మార్గదర్శకాల్లో ఒక కొలత కనిపిస్తుంది. దాణాలో 75 నుంచి 80 శాతం రేణువులు అర మిల్లీమీటరుకూ 3.2 మిల్లీమీటర్లకూ మధ్య ఉండాలి. అంతకన్నా సన్నటి పొడి 15 శాతం మించకూడదు. మిల్లు పెద్దాయన దోసిట్లో చూపించిన రవ్వలాంటి పొడిని కొలిస్తే వచ్చే లెక్క దాదాపు ఇదే.

మదనపల్లె నుంచి పుంగనూరు దగ్గరే. పుంగనూరు అనగానే నడుం ఎత్తుకు మించని పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఆ జాతిని కాపాడే పశు పరిశోధనా కేంద్రం ఇదే దారిలో ముందున్న పలమనేరులో, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తోంది. నేను చూడాలనుకున్నది మాత్రం లేయర్ షెడ్డు. ఊరికి ఎడంగా, గాలి బాగా తగిలేచోట, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన షెడ్డు అది. రెండు వైపులా వరుసగా కేజీలనే పంజరాలు, ఒక్కో కేజీలో మూడు నాలుగు తెల్ల కోళ్ళు, ముందు పొడవాటి తొట్టి, పైన నీళ్ళ నిపుల్స్. వేలాది కోళ్ళ గొంతుల మధ్య మాట వినపడాలంటే కాస్త గట్టిగానే మాట్లాడాలి.

పొద్దున మేత వేసి గంటయింది. రైతు నన్ను తొట్టి పక్కనే నడిపించాడు. “పైన చూస్తే అంతా ఒకటే మాదిరి ఉండాది గదన్నా, ఇప్పుడు చేత్తో జరిపి చూడు,” అన్నాడు. జరిపాను. మొక్కజొన్న నూకలు పోయాయి. అడుగున బూడిద రంగులో సన్నటి పొడి మిగిలింది. “దీంట్లోనే ఉండేది సరుకంతా,” అన్నాడతను. “విటమిన్లు, మిథియోనిన్, లైసిన్, ఉప్పు, అన్నీ. డబ్బులు పోసి కొన్నదంతా అడుగున పడుంటాది. పెద్ద కోడి నూకలేరుకుని తింటాది, చిన్న కోడికి దుమ్ము మిగులుతాది. రెండూ సరిగ్గా గుడ్డు పెట్టవు.”

పొడి దాణాతో వచ్చే చిక్కంతా ఆ రైతు మాటల్లోనే ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1988లో ప్రచురించిన పరిశీలనలో గుడ్ల కోళ్ళ తొట్టిలోంచి పెద్ద రేణువులే ముందు మాయమవుతాయని చూపించారు. నూకలే తిన్న కోడికి పిండిపదార్థం ఎక్కువై ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది, గుడ్డుకు కావలసిన మాంసకృత్తులు చాలవు. అడుగు పొడి మిగిలిన కోడికి శక్తి చాలదు. మిక్సర్‌లో రైతు ఎంత లెక్కగా కలిపినా, తొట్టిలోకి వచ్చేసరికి కోడి ముక్కు ఆ లెక్కను విడగొట్టేస్తుంది.

గుళికలు తయారు చేసేవారు ఎత్తి చూపే లోపమూ ఇదే. పొడి దాణాకు ఆవిరి పట్టి, 70 నుంచి 85 డిగ్రీల వేడిలో, గట్టి ఉక్కు అచ్చు రంధ్రాల గుండా నొక్కి, చల్లార్చితే గుళిక. ఆ గుళికనే రోలర్ల మధ్య నలగ్గొడితే క్రంబుల్స్ అనే రవ్వ. గుళికలో అన్నీ ఒకే ముద్దలో ఉంటాయి, ఏరుకోవడానికి వీల్లేదు. దుమ్ము రేగదు, కింద ఒలికిపోయేది తగ్గుతుంది, ఆవిరి వేడికి సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. ఇవన్నీ నిజమైన లాభాలే. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ కోడికి గుళిక దాణా ఎందుకు స్థిరపడిపోయిందో వీటివల్లే అర్థమవుతుంది. ఆరు వారాల లోపే రెండు కిలోలు దాటాల్సిన కోడి తక్కువ శ్రమతో ఎక్కువ తినాలి, తిన్నది కండ పట్టాలి.

లేయర్ కోడి సంగతి వేరు. అది 18, 20 వారాల వయసులో గుడ్డుకు వచ్చి, 72 వారాలు దాటేదాకా దాదాపు రోజుకొకటి చొప్పున పెట్టాలి. దానికి బరువు పెరగడం పని కాదు, నిలకడగా ఉండడం పని. రోజుకు 105 నుంచి 115 గ్రాముల మేత తిని, అందులోంచి 55 గ్రాముల గుడ్డు తీసివ్వాలి. గుళికలు పెట్టినంత మాత్రాన గుడ్ల సంఖ్య పెద్దగా పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. కోడి కాస్త ఎక్కువ తింటుంది, కాస్త బరువెక్కుతుంది. గుడ్ల లెక్కలో తేడా స్వల్పం. ఆవిరి పట్టడానికి, నొక్కడానికి అయ్యే కరెంటు ఖర్చు, వేడికి కొంత పోయే విటమిన్లు లెక్కేస్తే చాలాసార్లు ఆ స్వల్ప లాభం కూడా మిగలదు.

ఇంకో సంగతి ఉంది. కోడికి తినడమంటే ఆకలి తీరడమే కాదు, పొద్దు గడవడం కూడా. 1962లో అమెరికాలో ఎల్.ఎస్. జెన్సెన్, ఆయన సహచరులు కోడిపిల్లల మేత సమయాన్ని కొలిచారు. పన్నెండు గంటల పగటిలో పొడి మేత తిన్న పిల్లలు 14.3 శాతం సమయం తొట్టి దగ్గర గడిపితే, గుళికలు తిన్నవి 4.7 శాతమే గడిపాయి. మిగిలిన పొద్దంతా వాటి ముక్కుకు పనిలేదు. కేజీలో పక్కనే మరో కోడి ఈకలు కనపడుతుంటే ఆ ముక్కు ఎటు పోతుందో పెంపకందార్లందరికీ తెలుసు. ఈకలు పీకడం మొదలైతే ఒళ్ళు బోసిపోతుంది, గాయాలవుతాయి, ఒంటి వేడి నిలుపుకోవడానికే మేత ఖర్చయిపోతుంది. పొడి మేత కోడిని ఎక్కువసేపు పనిలో ఉంచుతుంది. కేజీలో రోజంతా నిలబడే ప్రాణికి అదొక ఊరట, ఆ ఊరట గుడ్లలో కూడా తిరిగి వస్తుంది.

అలాగని రవ్వకు, గుళికకు లేయర్ షెడ్డులో చోటే లేదని కాదు. పిల్ల దశలో ఉంది. గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి వారాల్లో పిల్లకు రవ్వ దాణా పెడితే బాగా తింటుంది, ఎదుగుతుంది. 2009లో మాడ్రిడ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోధుమరంగు గుడ్ల జాతి పెట్టపిల్లల మీద చేసిన పనిలో మొదటి 45 రోజులు గుళికలు పెడితే ఎదుగుదల మెరుగైంది. అదే పనిలో వాటి కందనకాయ తేలికైపోయిందని కూడా తేలింది. ఈ రెంటినీ కలిపి చదివితే దారి స్పష్టం. పిల్లకు మొదట రవ్వ పెట్టి, ఎదిగే కొద్దీ ముతక పొడికి మళ్ళించి, గుడ్డుకొచ్చే నాటికి కందనకాయను గట్టిపరచాలి. అలా పెరిగిన పెట్ట తొలి గుడ్ల రోజుల్లో ఆకలికి తగ్గట్టు తినగలుగుతుంది. మంద అంతా ఒకే బరువులో ఉంటే గుడ్లు ఒకేసారి అందుకుంటాయి, ఆ ఉచ్చదశ ఎక్కువకాలం నిలుస్తుంది.

పుంగనూరు రైతు తన తొట్టి సమస్యను యంత్రం కొనకుండానే చక్కదిద్దుకున్నాడు. దాణాలో 1 శాతం దాకా నూనె కలుపుతాడు. దుమ్ము నూకలకు అంటుకుంటుంది. రోజులో చాలాసార్లు తొట్టిలో మేతను కలియబెడతారు. ఆ చప్పుడుకే కోళ్ళు తలలు బయటపెట్టి మళ్ళీ తినడం మొదలుపెడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, రోజుకొకసారి తొట్టి పూర్తిగా ఖాళీ కానిస్తాడు. “మధ్యాన్నం తొట్టి నాకినట్టు ఉండాల. అప్పుడే కొత్త మేత. మిగిలినదాని మీద పోస్తా పోతే అడుగున దుమ్ము గడ్డ కడతాది,” అన్నాడు. ఖరీదైన మార్పు ఒక్కటీ లేదు. కావలసింది రోజూ తొట్టి దాకా నడిచే ఓపిక.

గుడ్డు పెంకు సంగతికీ రేణువే ఆధారం. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటు. ఒక్కో గుడ్డుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. పెంకు తయారవడానికి ఇరవై గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూట, కోడి మేత ముట్టని వేళ. సున్నపురాయి మెత్తటి పొడిగా ఉంటే సాయంత్రానికే కరిగి వెళ్ళిపోతుంది. రాత్రి పెంకుకు కావలసినప్పుడు కోడి తన ఎముకల్లోంచి తోడుకోవాలి. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గ్రిట్టు అనే సున్నపురాయి ముక్కలుగానో ఆల్చిప్ప ముక్కలుగానో ఇస్తే అవి కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. వయసు మళ్ళిన మందల్లో పలుచటి పెంకుల బెడద ఎక్కువ. అలాంటి మందకు మధ్యాహ్నం దాటాక గ్రిట్టు చల్లడం ఈ రైతు పద్ధతి. ట్రేలో పగిలే గుడ్లు తగ్గాయంటాడు. గుడ్డు పెట్టించడం ఎంత ముఖ్యమో, పెట్టిన గుడ్డు అంగడి దాకా పగలకుండా చేరడం అంతే ముఖ్యం.

పలమనేరు దాటాక కొండలు దగ్గరవుతాయి. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు దిగే పొలాలు ఇవి. వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి అంగట్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఈ ఊళ్ళో పెట్టింది ఈ ముక్కోణపు సరిహద్దు చూసే. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో కంపెనీలకు పెంచి ఇచ్చే బ్రాయిలర్ షెడ్లున్నాయి. వాటికి గుళికల బస్తాలు లారీల్లో వచ్చి దిగుతాయి. వాటి పక్క ఇళ్ళ పెరట్లోనే నాటుకోళ్ళు చెదలు ఏరుకుంటూ తిరుగుతుంటాయి. గుళిక బస్తాకూ చెదపురుగుకూ మధ్య దూరం అక్కడ నాలుగడుగులే.

ఒక పెరట్లో పెద్దావిడ పేడ, చెత్త నింపి బోర్లించిన కుండను ఎత్తి చెదలను కోడిపిల్లల ముందు దులిపింది. పిల్లలు ఎగబడ్డాయి. తల్లికోడి పక్కనే రాగులేరుకుంటోంది. “దానికి ఆడించి పెట్టేది లేదు నాయనా, కావాల్సింది అదే ఏరుకుంటాది, రాళ్ళు గూడా మింగుతాది,” అందామె. నిజమే. తిరిగే కోడి తన కందనకాయలో చిన్న రాళ్ళు వేసుకుని గింజను గింజగానే నూరుకుంటుంది. దాణా రూపం గురించి దానికి ఏ మిల్లూ అక్కర్లేదు. కానీ అది ఏడాదికి పెట్టే గుడ్లు వంద లోపే. చిత్తూరు సీమ సొంత జాతిగా నమోదైన కాళహస్తి కోడి, పందెం కోళ్ళ వంశం ఆసిల్, ఇవన్నీ పొదిగి పిల్లల్ని సాకడంలో దిట్టలు, గుడ్ల సంఖ్యలో కాదు. పెరటికే కావాలంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన గ్రామప్రియ ఉంది. ఏడాదికి 200 దాకా గోధుమరంగు గుడ్లు పెడుతుంది. అంత పెట్టే కోడికి తిరిగి ఏరుకున్నది చాలదు. సాయంత్రం గుప్పెడు నూకలు, కాస్త వేరుశెనగ చెక్క, పగిలిన కుండ పెంకులో విడిగా గ్రిట్టు ఉంచాలి. చెక్క వాసన మారినా, బూజు కనిపించినా పెట్టకూడదు. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్ళను చంపిన అఫ్లటాక్సిన్ విషం బయటపడింది వేరుశెనగ చెక్కలోనే. శెనక్కాయ పండించే ఈ సీమ ఆ సంగతి మరవకూడదు. ఎండాకాలంలో కోడి మేత తగ్గిస్తే నీళ్ళు చల్లి తడి మేత పెట్టే అలవాటు ఇక్కడ ఉంది. పెట్టిన పూటలోనే తొట్టి కడిగేస్తేనే అది మేలు.

కుప్పంలోనే ఒక యువకుడు కలిశాడు. బెంగళూరు ఉద్యోగం వదిలి వచ్చి, కొన్ని వేల లేయర్ కోళ్ళతో షెడ్డు పెట్టాడు. గుళికల యంత్రం కోసం అప్పు చేయాలా అని అడిగాడు. వద్దన్నాను. ముందు నాలుగు రకాల రంధ్రాల జల్లెడలు కొనమన్నాను. వారానికోసారి దాణాను వాటిలో జల్లించి, ఏ పరిమాణం ఎంత ఉందో తూచి రాసుకోమన్నాను. మధ్యాహ్నం తొట్టి ఖాళీ అయిందా, ఎక్కడ పొడి మిగిలింది, ఏ కేజీ కోళ్ళు సన్నబడ్డాయి, ఇవి ఒక పుస్తకంలో రాసుకోమన్నాను. ఏడాది పాటు ఆ పుస్తకం చూశాక కూడా ఇంకా గుళికలే కావాలనిపిస్తే, అప్పుడు యంత్రం గురించి ఆలోచించవచ్చు.

మదనపల్లె మిల్లులో, పుంగనూరు షెడ్డులో, కుప్పం పెరట్లో నాకు దొరికిన జవాబు ఒక్కటే. కోడి గుడ్డు పెట్టేది సంచి మీద రాసిన దాణాతో కాదు, తన కడుపులో పడిన దాణాతో. పొడి, రవ్వ, గుళిక, ఏ రూపమైనా కేజీలో బలహీనమైన కోడికి కూడా లెక్క ప్రకారం మేత చేర్చగలిగితేనే దానికి విలువ. లేయర్ కోడికి మన పల్లెల్లో ఆ పని ముతక పొడి దాణా చేయగలదు, రైతు జల్లెడనూ తొట్టినీ రోజూ గమనిస్తే. ఈ గమనింపులో అతనికి ఆసరా కావాలి. మండల పశువైద్యశాలల్లో ఒక జత పరీక్ష జల్లెడలు, వాటితో చూపించే ఒక మనిషి ఉంటే చాలా షెడ్లకు మేలు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి ఇది దగ్గరి పని. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలంటోంది. దేశంలో 2023-24లో తలా 103 అందుబాటులో ఉన్నాయి. బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు తగ్గకుండా ఉండాలన్నా, ఆ గుడ్డు పెంచే రైతు నష్టపోకుండా ఉండాలన్నా, తొట్టి అడుగున వృథాగా మిగిలిపోయే పొడిని కోడి కడుపులోకి చేర్చడం దగ్గరే మన పని మొదలు కావాలి.